ప్రకృతి పద్దు అడిగిన ఆడిటరు – జె.సి. కుమారప్ప

విత్తనాల కోసం దాచిన గింజలను వండుకొని తిని, ఈ ఏడు మా ఇంట తిండికి లోటు లేదని చెప్పుకొనే రైతును ఏ ఊరూ మెచ్చుకోదు. అసలును కరగదీసి, దానినే రాబడి అనుకొని మురిసిపోయే సంసారం ఎంతో కాలం నిలువదని పల్లెలో పిల్లవానికి సైతం తెలుసు. పొలం గట్టు మీది ఈ చిన్న సంగతిని దేశాల అభివృద్ధికి అన్వయించి, లోకం నడుస్తున్నది రాబడి మీదనా, అసలు మీదనా అని జీవితాంతం ప్రశ్నించిన వ్యక్తి జోసెఫ్ కొర్నేలియస్ కుమారప్ప. పర్యావరణం అనే మాట పత్రికలకు ఎక్కక ముందే, 1945లో, ఆయన శాశ్వత ఆర్థిక వ్యవస్థను గురించి ఒక గ్రంథమే వెలువరించారు. ఆ గ్రంథాన్ని ఆయన వ్రాసినది చెరసాలలో.

కుమారప్ప తమిళుడు. ఆయన జీవితంలోని ముఖ్య భాగమంతా మహారాష్ట్రలోని వార్ధాలో గడిచింది. చివరి సంవత్సరాలు మదురై జిల్లాలోని టి. కల్లుపట్టిలో గడిచాయి. ఆ ప్రాంతపు పల్లెలలో ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు శతాబ్దాలుగా ఉన్నాయి. మధ్య పరగణాల ప్రభుత్వం కోసం ఆయన పరిశ్రమల పరిశీలన జరిపిన రోజులలో తెలుగువారు నివసించే సిరోంచ తాలూకా కూడా ఆ పరగణాలలోనిదే. ఇన్ని విధాల మన ఇరుగుపొరుగున మెలగిన మనిషే అయినా ఆయన పేరు మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది.

1892 జనవరి 4న తంజావూరులో ఒక మధ్యతరగతి క్రైస్తవ కుటుంబంలో ఆయన జన్మించారు. తండ్రి సాలమన్ దొరస్వామి కొర్నేలియస్ ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో ఉద్యోగి. తల్లి ఎస్తేరు భక్తురాలు, క్రమశిక్షణ కలది. కుటుంబపు తీరు ఆనాటి ఆంగ్ల విద్యావంతుల తీరే. మద్రాసులో చదువు ముగించిన తరువాత గణకశాస్త్రం అభ్యసించడానికి యువకుడు లండను వెళ్లాడు. అక్కడ ఆడిటరుగా అర్హత పొంది, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కడే పనిచేసి, 1919లో తల్లి కోరిక మీద స్వదేశానికి తిరిగి వచ్చాడు. బొంబాయిలో కొంతకాలం ఒక సంస్థలో పనిచేసి, పిదప స్వంత ఆడిటు సంస్థను నెలకొల్పుకున్నాడు. కోటు, బూటు, ఇంగ్లీషు భోజనం, మంచి రాబడి. అటువంటి జీవితం అలాగే సాగిపోవలసినదే.

1927లో ఉన్నత విద్య కోసం అమెరికా వెళ్లడంతో దారి మళ్లింది. సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో 1928లో వ్యాపార నిర్వహణలో పట్టం పొంది, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సెలిగ్‌మన్ అనే ప్రసిద్ధ ఆర్థికశాస్త్ర ఆచార్యుని వద్ద చేరారు. ఆ రోజులలో ఒక చర్చిలో భారతదేశం ఎందుకు పేదదిగా ఉన్నదనే విషయం మీద కుమారప్ప చేసిన ప్రసంగం పత్రికలో వచ్చింది. దానిని చదివిన ఆచార్యులు ఇదే విషయాన్ని పరిశోధనకు తీసుకోమని సలహా ఇచ్చారు. ప్రభుత్వం పన్నుల రూపంలో ఏమి తీసుకుంటున్నది, ప్రజల కోసం ఏమి ఖర్చు చేస్తున్నదని లెక్కలు తిరగవేసినకొద్దీ, తాను గౌరవిస్తూ వచ్చిన పాలన ఒక దోపిడీ పద్దుగా ఆయనకు కనిపించసాగింది. ఉద్వేగపు ఉపన్యాసాలు విని దేశభక్తులైనవారు ఎందరో ఉన్నారు. అంకెల వరుసలు చూసి దేశభక్తుడైనవాడు మాత్రం కుమారప్పే కావచ్చు.

స్వదేశానికి వచ్చాక ఆ పరిశోధనను అచ్చు వేయించదలచి, గాంధీజీకి చూపడానికి 1929 మే 9న సబర్మతి ఆశ్రమానికి వెళ్లారు. కొర్నేలియస్ అనే పేరును వదలి కుమారప్ప అనే కుటుంబ నామాన్ని ఆయన స్వీకరించినది కూడా ఆ కాలంలోనే. నియమిత సమయం మధ్యాహ్నం రెండున్నర. కొంత ముందుగానే బయలుదేరి నది ఒడ్డున నడుస్తుండగా, ఒక చెట్టు కింద, పేడతో అలికిన నేల మీద కూర్చుని రాట్నం వడుకుతున్న ముసలివాడొకడు కనిపించాడు. దొరల దుస్తులలో ఉన్న కుమారప్ప చేతికర్ర మీద ఆని నిలబడి ఆ వడకడాన్ని చూస్తూ ఉండిపోయారు. కొంతసేపటికి ఆ ముసలివాడే మీరు కుమారప్పగారా అని అడిగిన తరువాత గాని, తాను చూడవచ్చిన మనిషి అతడేనని ఆయనకు తెలియలేదు. ఇస్త్రీ మడతలను లెక్కచేయకుండా ఆయన కూడా ఆ అలికిన నేల మీదనే చతికిలబడ్డారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఏడేళ్లు.

గాంధీజీ ఆ వ్యాసాన్ని తన పత్రిక యంగ్ ఇండియాలో ప్రచురించడానికి అంగీకరించి, దానితోపాటు ఒక పని అడిగారు. గుజరాతులోని పల్లెలకు పోయి రైతుల ఆర్థిక స్థితిని పరిశీలించాలి. ఇందుకోసం గుజరాత్ విద్యాపీఠానికి వెళ్లగా, గుజరాతీ రాని ఈ మదరాసీ మనిషి వలన ఏమి ప్రయోజనమని అక్కడి పెద్దలు కాకా కాలేల్కర్ సందేహించారు. ఆ ఆదరణ చూసి కుమారప్ప బొంబాయి రైలెక్కారు. తరువాత పిలుపు రావడంతో తిరిగి వచ్చి, విద్యార్థులను వెంటబెట్టుకొని ఖేడా జిల్లా మాతర్ తాలూకాలో యాభైకి పైగా గ్రామాలు తిరిగారు. ఇంటింటికి ఎంత భూమి, ఎన్ని పశువులు, ఎంత పంట, ఎంత శిస్తు, ఎంత అప్పు అనే వివరాలు నమోదయ్యాయి. ఈ దేశంలో పల్లెను అంగుళం అంగుళం కొలిచిన తొలి ఆర్థిక పరిశీలనలలో అది ఒకటి. పల్లెలను గురించి పుస్తకాలలో చదివిన మనిషి పల్లెకు శిష్యుడైనది అక్కడనే.

ఆ తరువాతి నాలుగేళ్లు ఉప్పు సత్యాగ్రహం, యంగ్ ఇండియా సంపాదకత్వం, జైలు, విడుదల, మళ్లీ జైలుగా గడిచాయి. నడుమ 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానాన్ని అనుసరించి, బ్రిటనుకు భారతదేశం నిజంగా ఎంత బాకీ ఉన్నదో తేల్చే సంఘానికి ఆయన సంచాలకులుగా పనిచేశారు. బాకీదారు తానే బాకీ పద్దులు తిరగవేసి, ఇందులో మా మీద అన్యాయంగా మోపినది ఇంత అని చెప్పిన నివేదిక అది.

1934 జనవరి 15న బీహారులో ఘోర భూకంపం సంభవించినప్పుడు సహాయ నిధి లెక్కలు చూసే బాధ్యత ఆయన మీద పడింది. కార్యకర్తల భోజనానికి రోజుకు ఇంత అని ఆయన ఒక హద్దు విధించారు. గాంధీజీ తన పరివారంతో అక్కడికి వచ్చినప్పుడు, ఆ పరివారం ఖర్చును బాధితుల నిధి నుండి చెల్లించడం కుదరదని, వేరుగా ఏర్పాటు చేసుకోవాలని కుమారప్ప కార్యదర్శి మహదేవ్ దేశాయికి తెలియజేశారు. గాంధీజీ ఆ నియమాన్ని అంగీకరించారు. ఎవరి సొమ్ము ఎవరు ఖర్చు చేస్తున్నారనే ఈ పట్టుదలనే ఆయన తరువాత నేల మీద, అడవి మీద, భూగర్భంలోని నూనె మీద కూడా ప్రయోగించారు.

1934 చివర అఖిల భారత గ్రామోద్యోగ సంఘం ఏర్పడింది. కుమారప్ప దానికి కార్యదర్శి, నిర్వాహకుడు. వార్ధాలో జమ్నాలాల్ బజాజ్ ఇచ్చిన తోటకు మగన్‌లాల్ గాంధీ పేర మగన్‌వాడి అని పేరు పెట్టారు. అక్కడ గానుగలు, తిరగళ్లు, ధాన్యం దంపే పనిముట్లు, చేతి కాగితం తొట్లు, తేనెపెట్టెలు, సబ్బు కుండలు, పొగ తక్కువ వచ్చే పొయ్యిలు వెలిశాయి. 1938 డిసెంబరు 30న గాంధీజీ ప్రారంభించిన మగన్ సంగ్రహాలయం అనే ప్రదర్శనశాల ఇప్పటికీ వార్ధాలో ఉన్నది.

పాత పనిముట్ల మీద మమకారంతో చేసిన పనిగా దీనిని కొందరు చూశారు, ఇప్పటికీ చూస్తారు. కుమారప్ప దృష్టి అది కాదు. ఆయన ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్నతో తూచారు. ఇది దేని నుండి వచ్చింది, ఆ మూలం మళ్లీ నిండుతుందా?

దీపాన్నే తీసుకొందాము. పల్లెలలో కిరసనాయిలు బుడ్డి వెలగడం ఆనాడు నాగరికతకు గుర్తు. మగన్‌వాడిలో వేప, కానుగ వంటి తినడానికి పనికిరాని గింజల నూనెతో వెలిగే మగన్ దీపాన్ని తయారుచేశారు. కిరసనాయిలు భూమి లోపల నిల్వ ఉన్న సరుకు. ఎంత తోడితే అంత తరిగిపోతుంది, మళ్లీ ఊరదు. ఉన్న చోటు కొద్ది, కావలసిన దేశాలు అనేకం. కనుక దాని కోసం పోటీ, పోటీ కోసం సైన్యం, సైన్యం ఉన్నాక యుద్ధం తప్పవని ఆయన వాదన. చెట్టు ఏటా కాయలు కాస్తుంది. కానుగ చెట్టు కోసం ఏ దేశమూ ఏ దేశం మీదకు ఓడలు పంపదు.

తాటి బెల్లం విషయంలోనూ అదే లెక్క. చెరకుకు మంచి మాగాణి, సమృద్ధిగా నీరు కావాలి. ఆ నేలలో తిండి గింజలు పండవచ్చు. తాడి, ఈత చెట్లు ఎవరూ దున్నని బీడులో, వాగు గట్టున, నీరు పోయకుండానే పెరుగుతాయి. తీపి కావలసి ఉంటే ఆ చెట్లనడిగితే పోయేదానికి అన్నం పండే నేలను ఎందుకు ఖర్చు చేయడమని ఆయన అడిగారు. తేనెటీగ విషయంలో ఆయనకు ప్రత్యేకమైన అభిమానం. అది పూల నుండి తీసుకుంటుంది, తీసుకుంటూనే పుప్పొడిని మోసి ఆ చెట్టుకు కాయ పట్టేలా చేస్తుంది. తీసుకున్నవాడే తిరిగి ఇవ్వడమనే ప్రకృతి పద్ధతికి అంతకన్నా మంచి ఉదాహరణ ఆయనకు దొరకలేదు.

ఇక బియ్యం. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మీద ఆయన సాగించిన పోరాటం మన ఇండ్లకు నేరుగా సంబంధించినది. దంపుడు బియ్యంలో ఉండే తవుడు, అందులోని పోషకాలు మిల్లులో రాలిపోతాయి. దంచే స్త్రీలకు కూలి పోతుంది. బలం లేని అన్నం తినేవారికి జబ్బులు వస్తాయి, మందులు కొనవలసి వస్తుంది. అయితే దేశపు ఆదాయం లెక్క కట్టేవారు మిల్లు పట్టుబడిని ఒక రాబడిగా, మందుల అమ్మకాన్ని మరొక రాబడిగా కూడతారే గాని, పోయిన కూలినీ, పోయిన ఆరోగ్యాన్నీ తీసివేయరు. డబ్బు చేతులు మారిన ప్రతి చోటా అభివృద్ధి జరిగిందనుకోవడం పద్దుల పుస్తకంలో ఒక వైపే వ్రాసి మూసివేయడం వంటిది. ఆడిటరుగా బ్రతికిన మనిషికి ఇది సహించరాని తప్పు.

ఈ లెక్కను ఆయన పల్లె దగ్గర ఆపలేదు. లాంకషైరు బట్ట చేనేత కన్నా చౌక అనేవారికి ఆయన ఇచ్చిన సమాధానం ఎన్నదగినది. ఆ మిల్లులకు పత్తి దూరదేశాల నుండి రావాలి, బట్ట దూరదేశాలలో అమ్ముడుపోవాలి. పత్తి దారినీ, సంతనూ కాపాడడానికి నౌకాదళం కావాలి, వలసలు కావాలి, అప్పుడప్పుడు యుద్ధాలు కావాలి. ఆ ఖర్చునంతా బట్ట ధరలో కలపకుండా ప్రజల పన్నులలో కలిపితే బట్ట చౌకగానే కనిపిస్తుంది. నౌకాదళం ఖర్చు గజం గజానికి పంచి చూస్తే చౌక ఏదో తెలుస్తుందని ఆయన అన్నారు. ఒక వస్తువు నిజమైన వెల దుకాణంలో చెల్లించినది మాత్రమే కాదని, మిగిలిన వెలను ఎక్కడో ఎవరో చెల్లిస్తున్నారని నేటి పర్యావరణ ఆర్థికవేత్తలు పెద్ద పట్టికలు వేసి చెబుతున్నది దాదాపు ఇదే.

1938లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడినప్పుడు కుమారప్ప అందులో చేరారు. భారీ పరిశ్రమలే మార్గమని అక్కడ ముందే నిశ్చయమైపోయిందని గ్రహించి త్వరలోనే వైదొలగారు. ఆ కాలంలోనే మధ్య పరగణాల ప్రభుత్వం కోరగా ఆ ప్రాంతపు పరిశ్రమలను పరిశీలించే సంఘానికి నాయకత్వం వహించి వందలాది గ్రామాల వివరాలు సేకరింపజేశారు. అడవులను గురించి ఆయన ప్రకటించిన అభిప్రాయం అంచు పల్లెలవారు తప్పక తెలుసుకోదగినది. ప్రభుత్వం అడవిని ఖజానాకు ఆదాయం తెచ్చే ఆస్తిగా చూస్తున్నది. అలా గాక చుట్టుపట్ల ప్రజల వంటచెరకు, గడ్డి, వ్యవసాయ పనిముట్ల కలప వంటి అవసరాలు తీర్చే వనరుగా, నేలనూ నీటినీ నిలిపి ఉంచే ఏర్పాటుగా దానిని నిర్వహించాలని ఆయన పట్టుబట్టారు.

1942లో సంఘం పత్రికలో రొట్టెకు బదులు రాయి అనే అర్థం వచ్చే శీర్షికతో ఆయన ఒక వ్యాసం ప్రకటించారు. యుద్ధం కోసం దేశంలోని ధాన్యాన్నీ సరుకులనూ తరలించుకుపోయి, బదులుగా అచ్చు వేసిన కాగితాలు చేతిలో పెడుతున్నారని అందులోని సారాంశం. ప్రభుత్వం దానికి జైలు శిక్షతో బదులిచ్చింది. జబల్‌పూరు జైలులో రక్తపోటు ఆయన శరీరాన్ని లొంగదీసింది. అక్కడనే ఆయన రెండు పుస్తకాలు వ్రాశారు. ఒకటి ఏసుక్రీస్తు ఆచరణను, బోధలను గురించి. రెండవది శాశ్వత ఆర్థిక వ్యవస్థ. 1945లో విడుదలయ్యాక, రెండింటికీ గాంధీజీ పీఠికలు వ్రాశారు. గ్రామోద్యోగ పండితుడనే అర్థం గల బిరుదును కూడా గాంధీజీ ఆయనకు సరదాగానూ, గౌరవంగానూ ప్రసాదించారు.

ఆ రెండవ గ్రంథంలో ఆయన ప్రపంచపు సంపదను రెండుగా విభజించారు. బొగ్గు, పెట్రోలు, ఇనుము, రాగి వంటివి తొట్టిలో నిలిచిన నీరు వంటివి. తోడుకొన్నకొద్దీ తరిగిపోతాయి. అడవి పెరుగుదల, పారే నీరు, పంట, పశువు, మనిషి శ్రమ వంటివి ఏటి ప్రవాహం వంటివి. ప్రవాహంలోని రాబడిని వాడుకొని బ్రతికే సమాజం నిలుస్తుంది. తొట్టిని నమ్ముకొన్న సమాజం తొట్టి అడుగు కనిపించేసరికి పొరుగువాని తొట్టి మీద పడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధపు బాంబుల మోత వినిపిస్తుండగా వ్రాసిన మాటలివి. కనుక వాటిలో ఊహ కన్నా వర్తమానమే ఎక్కువ.

జీవులు బ్రతికే తీరును బట్టి ఆర్థిక వ్యవస్థలకు ఆయన అయిదు మెట్లు చెప్పారు. తాను బ్రతకడానికి మరొక ప్రాణిని చంపే పులి అన్నిటికన్నా కింది మెట్టు. తాను నాటని మామిడి తోటలో పండ్లు తిని పోయే కోతిది తరువాతి మెట్టు. తన గూడు తానే కట్టుకొనే పక్షి మూడవది. తన కోసం గాక పట్టు మొత్తం కోసం శ్రమించే తేనెటీగ నాలుగవది. బదులు ఆశించకుండా పిల్లకు మేత తెచ్చే తల్లి పక్షి అన్నిటికన్నా పైది. బలిసిన దేశాలు మనలను నాగరికులను చేస్తున్నామని చెప్పుకుంటున్న కాలంలో, ఆ దేశాలు ఏ మెట్టు మీద ఉన్నాయో పాఠకుడే నిర్ణయించుకొనేలా ఆయన ఈ మెట్లు కట్టారు.

ఆయనవి కేవలం సిద్ధాంతాలు కావు, ప్రణాళికలు కూడా. లక్షమంది జనాభా గల ప్రాంతాన్ని ఒక ఘటకంగా తీసుకొని, మనిషికి రోజుకు 2860 కేలరీల సమతులాహారం అందాలంటే ఏ పంట ఎన్ని ఎకరాలలో వేయాలో పట్టిక వేశారు. ఆ పట్టికను అనుసరించి పంటలు వేయాలి, అమ్మకం పంటలు తిండి పంటలను మింగకుండా రైతులకు పంటవారీగా అనుమతులు ఇవ్వాలి అన్నారు. ఇక్కడ ఆయన లెక్క సరిగానే ఉన్నా మనుషుల తీరు సరిగా పట్టుబడలేదనిపిస్తుంది. ఏ పంట వేయాలో మరొకరు చెబితే వినే రైతు అరుదు. చెప్పే అధికారి చేతికి అంత పెత్తనం ఇస్తే అది ఎటు పోతుందో కూడా తెలిసినదే.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కాంగ్రెసు భూసంస్కరణల సంఘానికి ఆయన అధ్యక్షులయ్యారు. 1949లో వెలువడిన నివేదిక దున్నేవానికే భూమి చెందాలని, భూమికి గరిష్ఠ పరిమితి ఉండాలని సిఫారసు చేసింది. దానిలో కొంత తరువాతి చట్టాలకు ఎక్కింది, చాలా భాగం కాగితంలోనే ఉండిపోయింది. ట్రాక్టరు పాలూ ఇవ్వదు, పేడా వేయదు అని ఆయన వాదిస్తూ ఉండగానే దేశం ట్రాక్టరు వైపు, రసాయనిక ఎరువుల వైపు, పెద్ద ఆనకట్టల వైపు నడిచింది. సభలలో ఆయనను గౌరవించారు, నిర్ణయాలలో వినలేదు. ఆయన నోరు కూడా మెత్తనిది కాదు. పదవులలో ఉన్న పాత స్నేహితులను పేరు పెట్టి విమర్శించేవారు. చైనా, సోవియట్ రష్యాలు చూసి వచ్చి అక్కడి మంచిని మంచి అన్నందుకు కొందరు ఆయనను కమ్యూనిస్టు అన్నారు, చరఖాను వదలనందుకు మరికొందరు ఛాందసుడన్నారు.

ఈ వాదంలో ఎదుటి పక్షానికీ బలమున్నదని ఒప్పుకోవాలి. 1960ల నడిమి కాలంలో వానలు తప్పి, విదేశీ గోధుమల ఓడల కోసం ఎదురుచూసిన దేశానికి కొత్త వంగడాలు, ఎరువులు అన్నం పెట్టాయి. పల్లె పేదవాడు గానుగ వద్ద కన్నా ఫ్యాక్టరీ వద్ద ఎక్కువ కూలి దొరుకుతుందని వెళ్లాడు, అతనిని తప్పు పట్టలేము. గానుగ ఎద్దు వెంట రోజంతా తిరిగినవాని బిడ్డ ఆ పని వద్దనుకోవడంలో న్యాయం ఉన్నది. కాని అదే అన్నం పండించిన పంజాబులో ఆ తరువాత భూగర్భ జలం ఏటేటా ఎంత కిందికి దిగిందో, మన అనంతపురం, కోలారు, ధర్మపురి వైపుల బోరు ఎన్ని వందల అడుగులకు పోయిందో చూసినప్పుడు, అది రాబడా, అసలా అనే కుమారప్ప ప్రశ్న తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. బావిలో ఏటా ఊరే నీరు రాబడి. వందల అడుగుల లోతున తరతరాలుగా చేరిన నీరు అసలు.

1950ల తొలి సంవత్సరాలలో వార్ధాకు సమీపంలోని సెల్డో గ్రామంలో పన్నై ఆశ్రమమనే పేర ఒక ప్రయోగం నడిపి, ఆరోగ్యం బొత్తిగా చెడిపోయాక టి. కల్లుపట్టిలోని గాంధీ నికేతన ఆశ్రమానికి వచ్చి చేరారు. పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. ఒక చిన్న ఇంటిలో, వచ్చిన కార్యకర్తలకు బోధిస్తూ, వ్యాసాలు వ్రాస్తూ ఉన్నారు. 1960 జనవరి 30న, గాంధీజీ మరణించిన సరిగ్గా పన్నెండేళ్లకు, అదే తేదీన ఆయన కన్నుమూశారు. వయస్సు అరవై ఎనిమిది.

ఆయన పోయిన ఆరేళ్లకు, 1966లో, బ్రిటనులో బొగ్గు సంస్థకు ఆర్థిక సలహాదారుగా ఉన్న ఇ.ఎఫ్. షుమాకర్ బౌద్ధ ఆర్థికశాస్త్రాన్ని గురించి ఒక వ్యాసం వ్రాస్తూ కుమారప్పను స్మరించారు. నేలలో తరిగిపోయే బొగ్గుతో పనిచేసే సంస్థలోని మనిషికే ఈ తొట్టి లెక్క చప్పున అర్థమైంది. 1973లో అచ్చయిన షుమాకర్ గ్రంథం చిన్నదే అందమైనదనే పేరుతో లోకమంతటా చదవబడింది. అంతకు ముందటి ఏడు, 1972లో, స్టాక్‌హోంలో పర్యావరణం మీద తొలి ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగింది. పేద దేశాల దారిద్ర్యాన్ని, పర్యావరణాన్ని వేరువేరుగా చూడరాదని భారత ప్రధాని ఇందిరాగాంధీ అక్కడ వాదించారు. 1987లో బ్రంట్‌లాండ్ సంఘం రాబోయే తరాల అవసరాలకు భంగం కలగని అభివృద్ధి అనే భావనకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చింది. 1992లో రియోలో దేశాధినేతలు ఆ మాట మీదనే సమావేశమయ్యారు. 2015లో పారిస్‌లో బొగ్గు, నూనెల పొగ మీద ఒప్పందం కుదిరింది. ఎవరు ఎక్కువ వాడుకున్నారు, ఎవరు ముందు తగ్గించాలి అనే తగవు మాత్రం ఇంకా తెగలేదు. ధనిక దేశాలు రెండు వందల ఏళ్లుగా తొట్టి నుండి తోడుకున్నాయి. ఇప్పుడు తోడుకోవలసి వచ్చినవారికి తొట్టి అడుగు కనిపిస్తున్నది. కుమారప్ప లెక్కల పుస్తకంలో ఈ తగవు 1945 నాటికే ఉన్నది.

మద్రాసు నుండి ఢిల్లీకి పోయే రైళ్లలో కొన్ని వార్ధా సమీపంలోని సేవాగ్రాం స్టేషనులో ఆగుతాయి. ఆశ్రమం చూడడానికి దిగే యాత్రికులు ఎందరో ఉన్నారు. మగన్ సంగ్రహాలయం ఆ ఊరిలోనే ఉన్నది.